టీసీ తీసుకుని కొండెక్కిన కుర్రాళ్లు

ఊరి పేరు మౌత్ ఆఫ్ విల్సన్. మనవాళ్లయితే 'విల్సన్ వాగు కలిసేచోటు' అనేసి ఊరుకునేవారు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి నైరుతి మూలన, నార్త్ కరోలినా సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంటుంది. నిజం చెప్పాలంటే అది ఊరు కూడా కాదు. మున్సిపాలిటీ లేదు, మేయరు లేడు. ఓ పోస్టాఫీసు, రోడ్డు వెంట విసిరేసినట్టు కొన్ని ఇళ్లు, ఆవులు మేసే పచ్చికబీళ్లు, కొండవాలు పొడవునా వరసలు తీర్చి పెంచిన క్రిస్మస్ చెట్లు. అంతే!

కానీ అమెరికాలో బాస్కెట్‌బాల్ పిచ్చి ఉన్న ఎవరిని కదిపినా ఈ ఊరి పేరు ఠక్కున చెబుతారు. కార్మెలో ఆంథొనీ, కెవిన్ డురాంట్, రాజన్ రాండో, జెర్రీ స్టాక్‌హౌస్, రాడ్ స్ట్రిక్‌లాండ్... ఎన్‌బీఏలో కోట్ల డాలర్లు సంపాదించిన వీళ్లంతా ఏదో ఒక ఏడాది ఇక్కడి హైస్కూల్లో చదివినవాళ్లే. ఆ బడి నుంచి ఎన్‌బీఏకు వెళ్లినవాళ్లు ముప్పై మందికి పైనే ఉంటారు. విచిత్రం ఏమిటంటే, పైన చెప్పిన ఐదుగురిలో ఒక్కడు కూడా ఈ కొండల్లో పుట్టలేదు. అందరూ ఎక్కడో చదువుతూ, అక్కడ టీసీ తీసుకుని ఇక్కడికి వచ్చినవాళ్లే.

ఆ బడి పేరు ఓక్ హిల్ అకాడమీ. ప్రతిభ ఉన్న ఆటగాడిని వేరే బడి నుంచి రప్పించుకుని జట్టు కట్టడం ఇప్పుడు అమెరికాలో పెద్ద వ్యాపారం. ఆ వ్యాపారానికి ఎవరికీ పట్టని ఈ మారుమూల కొండ ఒకప్పుడు రాజధానిలా వెలిగింది.

కొత్త పేరు, పాత నది

మౌత్ ఆఫ్ విల్సన్‌కు వెళ్లాలంటే షార్లెట్‌లో విమానం దిగడం సులువు. అక్కడి నుంచి 77వ నంబరు ఇంటర్‌స్టేట్ రోడ్డు ఎక్కి ఉత్తరానికి రావాలి. వర్జీనియాలో అడుగుపెట్టాక హిల్స్‌విల్ దగ్గర 58వ నంబరు రహదారి పట్టుకుని పడమరకు తిరిగితే గాలాక్స్, ఆ తర్వాత ఇండిపెండెన్స్ వస్తాయి. గ్రేసన్ కౌంటీకి ఇండిపెండెన్సే ముఖ్యపట్టణం. కౌంటీ మొత్తం జనాభా సుమారు 15 వేలు. మన దగ్గర ఓ మోస్తరు మేజర్ పంచాయతీ అంత! ఇండిపెండెన్స్ దాటాక మెలికలు తిరిగే రోడ్డు మీద పన్నెండు పదమూడు మైళ్లు పోతే విల్సన్ వాగు వచ్చి నదిలో కలుస్తుంది.

ఆ నది పేరు న్యూ రివర్. పేరుకే కొత్తది. వయసులో మాత్రం ప్రపంచంలోని అతి పురాతనమైన నదుల్లో ఒకటంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. నార్త్ కరోలినా కొండల్లో పుట్టి, దక్షిణానికి కాకుండా ఉత్తరానికి పారుతుంది. వర్జీనియా దాటి వెస్ట్ వర్జీనియాలోకి పోతుంది. దీని మీద భారీ ఆనకట్టలు కట్టి కరెంటు తీయాలని 1960లలో ఓ విద్యుత్ కంపెనీ బయల్దేరింది. కట్టి ఉంటే ఇక్కడి లోయల్లో పొలాలు, ఇళ్లు, చర్చిలు, శ్మశానాలు మునిగిపోయేవి. శ్రీశైలం ముంపు ఊళ్ల సంగతి తెలిసిన వాళ్లకు ఆ భయం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 1976లో నార్త్ కరోలినా వైపున్న న్యూ రివర్ పాయకు జాతీయ రక్షణ ఇచ్చే చట్టం వచ్చింది. ప్రాజెక్టు అటకెక్కింది. ఆ నదే 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫానుకు పొంగి ఒడ్డునున్న వాళ్లను వణికించింది.

ఊరికి పడమట మౌంట్ రోజర్స్ ఉంది. 5,729 అడుగుల ఎత్తుతో వర్జీనియా మొత్తానికీ ఇదే ఎత్తయిన శిఖరం. దాని పక్కనే గ్రేసన్ హైలాండ్స్ పార్కు. చెట్లు పెరగకుండా బోడిగా ఉండే ఆ కొండ నెత్తుల మీద పొట్టి గుర్రాలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. పొదలు కమ్ముకుపోకుండా మేస్తాయని 1970లలో అటవీశాఖ తెచ్చి వదిలిన మంద అది. ఎన్ని ఉండాలో ఓ లెక్క ఉంది. లెక్క మించితే పిల్లల్ని పట్టి సెప్టెంబరు చివర జరిగే సంబరంలో వేలం వేస్తారు.

ఇక్కడివాళ్లకు బాస్కెట్‌బాల్ కంటే ముందు ఫిడేలు, బాంజో, గిటార్. గాలాక్స్‌లో 1935 నుంచి ఏటా ఫిడేలు వాద్యకారుల పోటీ జరుగుతోంది. మౌత్ ఆఫ్ విల్సన్‌కు దగ్గర్లోనే రగ్బీ అనే మరో చిన్న ఊళ్లో వేన్ హెండర్సన్ అనే పెద్దాయన ఉంటారు. పోస్ట్‌మన్‌గా ఉత్తరాలు పంచుతూనే చేత్తో గిటార్లు చేసి ప్రపంచ ప్రఖ్యాతి సంపాదించారు. ఎరిక్ క్లాప్టన్ అంతటివాడి కోసం ఆయన గిటార్ చేయడం మీద ఏకంగా ఓ పుస్తకమే వచ్చింది. ఆయన దగ్గర గిటార్ కావాలంటే ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిందే. ఎవరొచ్చి అడిగినా తొందరపడరు. ఈ కొండల తీరే అంత. ఏదైనా ఇక్కడే పుట్టాలి, ఇక్కడే మెల్లగా తయారవాలి. ఓక్ హిల్ జట్టు మాత్రం దానికి పూర్తిగా విరుద్ధం.

ఏమీ లేకపోవడమే దాని గొప్ప

ఓక్ హిల్ అకాడమీ 1878లో మొదలైంది. న్యూ రివర్ బాప్టిస్టు సంఘం వాళ్లు కొండపిల్లలకు నాలుగక్షరాలు నేర్పడానికి పెట్టిన బడి. ప్రభుత్వ బళ్లు లేని కాలంలో అదే దిక్కు. ప్రభుత్వ బళ్లు వచ్చాక దీని అవసరం తగ్గింది. దాంతో బయటి పిల్లలను చేర్చుకునే హాస్టలు బడిగా మారింది. ఇంటి దగ్గర చదువు ఎక్కనివాళ్లు, స్నేహాలు చెడినవాళ్లు, 'కాస్త దూరంగా ఉంటే బాగుపడతాడు' అని తల్లిదండ్రులు అనుకున్నవాళ్లు... అలాంటి పిల్లలకు ఇది రెండో అవకాశం ఇచ్చే చోటు. ఏనాడూ పెద్ద బడి కాదు. మన దగ్గర ఒక్క కార్పొరేట్ కాలేజీ బ్రాంచిలో ఒక్క అంతస్తులో ఉండే పిల్లలంత మంది కూడా ఉండరు.

1980లు వచ్చేసరికి ఈ బడికి బాస్కెట్‌బాల్ రెక్కలు తొడిగింది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఓ ప్రభుత్వ హైస్కూలు తరఫున ఆడి పేరు తెచ్చుకున్న రాడ్ స్ట్రిక్‌లాండ్, చివరి ఏడాది చదువుకు 1984లో ఇక్కడికి వచ్చాడు. మరుసటి ఏడాది 1985లో స్టీవ్ స్మిత్ ప్రధాన కోచ్ అయ్యారు. అక్కడి నుంచి 2022లో రిటైరయ్యేదాకా, అంటే ముప్పై ఏడేళ్లు, ఆయన ఆ కుర్చీ వదల్లేదు. ఆయన చేతి కింద జట్టు గెలిచిన మ్యాచ్‌లు 1,200కు పైనే. ఓడినవి వంద దగ్గర్లో. హైస్కూలు ఆటలో ఇలాంటి లెక్క అరుదు.

మరి ఇంత చిన్న బడికి అంతంత ఆటగాళ్లు ఎందుకొచ్చారు? జవాబు తమాషాగా ఉంటుంది. అక్కడ ఏమీ లేదు కాబట్టి! సినిమా చూడాలన్నా, షికారు కొట్టాలన్నా కారెక్కి కొండలు దిగాలి. పిల్లల చేతిలో కార్లు ఉండవు. బైబిలు క్లాసు తప్పనిసరి, ప్రార్థన తప్పనిసరి, సాయంత్రం స్టడీ అవర్ తప్పనిసరి. మిగిలింది జిమ్ము. బంతి. చలికాలంలో మంచు కురిస్తే జిమ్ము తప్ప మరో లోకమే లేదు. నగరంలో తుపాకుల మోత మధ్య పెరిగే కొడుకును చూసి బెంగపడే తల్లికి ఈ 'ఏమీ లేకపోవడం' వరంలా కనిపించేది. కాలేజీలో చేరడానికి కావలసిన మార్కులు రాక తిప్పలు పడే కుర్రాడికి కూడా.

కార్మెలో ఆంథొనీ కథే చూడండి. పెరిగింది బాల్టిమోర్‌లో ఓ కల్లోలం నిండిన పేటలో. అక్కడి నుంచి శివారులోని టౌసన్ క్యాథలిక్ హైస్కూలుకు వెళ్లి ఆడేవాడు. ఆటలో మెరుపు, చదువులో వెనకబాటు. సిరక్యూస్ విశ్వవిద్యాలయం సీటు ఇస్తానంది కానీ, ప్రవేశ పరీక్షలో కనీస మార్కు తెచ్చుకోవాలి. చివరి ఏడాదికి, 2001లో, ఓక్ హిల్ చేరాడు. చేరిన ఫలితం దక్కింది. మార్కు వచ్చింది. సిరక్యూస్‌లో చేరిన మొదటి ఏడాదే, 2003లో, ఆ విశ్వవిద్యాలయానికి జాతీయ టైటిల్ తెచ్చిపెట్టాడు.

ఓక్ హిల్‌లో ఉన్న ఆ ఏడాదిలోనే ఓ మ్యాచ్ జరిగింది. 2002 ఫిబ్రవరి, న్యూజెర్సీలోని ట్రెంటన్. ఒకవైపు కార్మెలో జట్టు ఓక్ హిల్. ఇంకోవైపు ఒహాయోలోని ఆక్రన్ నుంచి వచ్చిన సెయింట్ విన్సెంట్-సెయింట్ మేరీ. ఆ జట్టులో పదిహేడేళ్ల లెబ్రాన్ జేమ్స్! లెబ్రాన్ 36 పాయింట్లు చేశాడు, కార్మెలో 34. మ్యాచ్ మాత్రం 72-66తో ఓక్ హిల్‌ది. ఇద్దరు పిల్లలాడే బడి ఆటను చూడటానికి జనం ఎగబడ్డారు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. లెబ్రాన్ ఆడిన బడి కూడా ప్రైవేటు క్యాథలిక్ బడే. తన పేట పిల్లలంతా వెళ్లే ప్రభుత్వ బడిని కాదని 1999లో స్నేహితులతో కలిసి అక్కడ చేరినందుకు ఆక్రన్‌లోని నల్లజాతి పెద్దలు చాలామంది నొచ్చుకున్నారు. 'మా పిల్లలు మా బడికి పేరు తేవాలి గానీ వాళ్ల బడికెందుకు?' అన్నది వాళ్ల బాధ. ఆ ప్రశ్న ఈనాటికీ తెగలేదు.

బడి మారితే ఏడాది బెంచి

అమెరికాలో హైస్కూలు ఆట అంటే ఊరి పరువు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు, చలికాలంలో బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కు ఊరంతా కదిలి వస్తుంది. అందుకే ఆటగాడిని ఎవరూ ఎగరేసుకుపోకుండా చాలా రాష్ట్రాల క్రీడా సంఘాలు ఓ కట్టడి పెట్టాయి. కుటుంబం ఇల్లు మారకుండా పిల్లాడు బడి మాత్రం మారితే, కొత్త బడి జట్టులో ఏడాది పాటు ఆడకూడదు. బెంచి మీద కూర్చోవాలి. ఆటల కోసం పిల్లల్ని ఆకర్షించడమే నేరం కొన్నిచోట్ల. ఆ కాగితం మీద రాసిన దానికి మినహాయింపులు బోలెడు, దొంగదారులు ఇంకా ఎక్కువ. బంధువుల ఇంటి చిరునామా చూపించేవాళ్లు, ఆ పేటలో ఓ గది అద్దెకు తీసుకుని కరెంటు బిల్లు జత చేసేవాళ్లు! 2025లో దక్షిణ కాలిఫోర్నియాలో తప్పుడు పత్రాలతో బడి మారారని పదుల సంఖ్యలో ఫుట్‌బాల్ కుర్రాళ్లపై వేటు పడింది. దీనికి విరుద్ధంగా వెస్ట్ వర్జీనియా 2023లో చట్టం చేసి మరీ ఒక్కసారి ఆగకుండా మారే వీలు కల్పించింది. ఎటు పోవాలో పెద్దలకే తేలడం లేదన్నమాట.

ఓక్ హిల్‌కు ఈ గొడవ ఏనాడూ లేదు. వర్జీనియాలో ఆ కట్టడి ప్రభుత్వ బళ్ల సంఘానిది. ఈ బడి ఆ సంఘంలో లేదు. రాష్ట్ర టైటిల్ దీనికి రాదు, అవసరమూ లేదు. బడిలో రెండు జట్లుంటాయి. మామూలు పిల్లల జట్టుకు 'రెడ్' అని పేరు. అది చుట్టుపక్కల బళ్లతో ఆడుతుంది. రెండోది 'గోల్డ్'. అది దేశమంతా తిరుగుతుంది. వేసవిలో జరిగే క్లబ్బు టోర్నీల్లో కుర్రాళ్లు కంటబడతారు. అక్కడి కోచ్ ఫోన్ చేసి 'ఓ పిల్లాడున్నాడు, చూడు' అంటాడు. బూట్ల కంపెనీ జోడు పంపిస్తుంది. ఫీజులో సాయం దొరుకుతుంది. ఆగస్టు వచ్చేసరికి కుర్రాడు పెట్టె సర్దుకుని కొండెక్కుతాడు. రాజన్ రాండో కెంటకీలోని లూయీవిల్ నుంచి అలాగే వచ్చాడు, చివరి ఏడాదికి. జోష్ స్మిత్ జార్జియా నుంచి. ఇద్దరూ కలిసి ఆడిన 2003-04లో జట్టు ముప్పై ఎనిమిది మ్యాచ్‌లాడి ముప్పై ఎనిమిదీ గెలిచింది. జోష్ స్మిత్ కాలేజీ ముఖం చూడకుండానే నేరుగా ఎన్‌బీఏకు వెళ్లిపోయాడు. ఆ దారిని ఎన్‌బీఏ 2006లో మూసేసింది. రెండేళ్లకు బ్రాండన్ జెన్నింగ్స్ మరో దారి వెతుక్కున్నాడు. కాలిఫోర్నియాలోని కాంప్టన్ నుంచి ఓక్ హిల్‌కు, ఓక్ హిల్ నుంచి ఏకంగా ఇటలీలోని రోమ్ నగరపు జట్టుకు!

గ్రేసన్ కౌంటీలో నూటికి తొంభై మందికి పైగా తెల్లవాళ్లు. గోల్డ్ జట్టు కుర్రాళ్లలో అధికశాతం నల్లవాళ్లు, అదీ మహానగరాల నుంచి వచ్చినవాళ్లు. తొమ్మిది నెలలుంటారు, వెళ్లిపోతారు. కొండ వాళ్లను కాపాడుతుంది, కానీ వాళ్లు కొండవాళ్లు కారు. కౌంటీ పిల్లలు ఇండిపెండెన్స్‌లోని ప్రభుత్వ హైస్కూల్లో తమ ఆట తాము ఆడుకుంటారు. గాలాక్స్‌లో ఫర్నిచర్ ఫ్యాక్టరీలు 2000లలో ఒక్కొక్కటే మూతపడుతుంటే, పనికోసం ఆ పిల్లల్లో చాలామంది కొండ దిగిపోయారు. వాళ్ల పేర్లు ఏ పత్రికలోనూ రాలేదు. ఒకే రోడ్డు మీద రెండు వలసలు. ఒకటి పైకి, ఒకటి కిందికి.

వెనక మిగిలిన బళ్లు

ఎవరు ఎక్కడికి వెళ్లారన్నది అందరూ రాస్తారు. వాళ్లు వదిలి వచ్చిన చోటు ఏమైందన్నది ఎవరికీ పట్టదు. కార్మెలో వదిలేసిన టౌసన్ క్యాథలిక్ 2009లో మూతబడింది. డబ్బు సరిపోక, పిల్లలు చాలక. కార్మెలో వెళ్లడం వల్లే అని అనడం అన్యాయం. అతను ఉన్నా మూతబడేదేమో. కానీ ఒక బడికి ఉన్న ఒకే ఒక్క వెలుగు పక్క రాష్ట్రానికి వెళ్లిపోయాక, ఆ బడి తన గురించి తాను చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? కెవిన్ డురాంట్ కథ కూడా అలాంటిదే. మేరీల్యాండ్‌లో ఓ చిన్న క్రైస్తవ బడిలో రెండేళ్లు, ఓక్ హిల్‌లో ఒక ఏడాది, మళ్లీ మేరీల్యాండ్‌కే తిరిగొచ్చి మాంట్‌రోజ్ క్రిస్టియన్ అనే బడిలో చివరి ఏడాది. నాలుగేళ్లలో మూడు బళ్లు. ఆ మాంట్‌రోజ్ క్రిస్టియన్ కూడా 2013లో తలుపులు మూసేసింది. ఆటగాళ్లను తెచ్చుకున్న బడి కూడా బతకలేదన్నమాట.

పిల్లల సంగతి? ముప్పై మందికి పైగా ఎన్‌బీఏకు వెళ్లారంటే గొప్పే. కానీ నాలుగు దశాబ్దాల్లో గోల్డ్ జట్టులో ఆడిన వాళ్లంతా ఆ ముప్పై మందే కాదుగా. మిగతావాళ్లలో ఎక్కువమందికి కాలేజీ స్కాలర్‌షిప్ దొరికింది, అది తక్కువ మాటేం కాదు. మోకాలు దెబ్బతిన్నవాళ్లు, బెంచి మీదే ఏడాది గడిచిపోయినవాళ్లు, అమ్మ చేతి వంట వదిలి వచ్చి ఆ పదహారేళ్ల వయసును ఎక్కడా నిలవని జట్టుతో గడిపినవాళ్లు... వాళ్ల ఫొటోలు గోడ మీద ఉండవు.

ఇది చదువుతుంటే తెలుగువాళ్లకు ఓ పోలిక తట్టక మానదు. పదో తరగతిలో మార్కులు రాగానే ఇంటి ముందు వాలే కార్పొరేట్ కాలేజీ పీఆర్వోలు, 'ఫీజు అక్కర్లేదు, హాస్టలు ఉచితం, మీ అబ్బాయిని మాకివ్వండి చాలు' అనే మాటలు, ఊళ్లోని చిన్న ప్రైవేటు బడి ఎనిమిదేళ్లు సాన పెట్టిన పిల్లాడి ఫొటోను రెండేళ్లు ఉంచుకున్న కాలేజీ పేపర్లో పూర్తి పేజీ వేసుకోవడం... అక్కడ బంతి, ఇక్కడ ర్యాంకు. తేడా అంతే. ఒక రకంగా అమెరికావాళ్లే నయం. బడి మారిన పిల్లాడిని ఏడాది ఆపాలా వద్దా అని కనీసం కొట్టుకుంటున్నారు. మనకు ఆ చర్చే లేదు!

దొంగ బళ్లు, ధనిక బళ్లు

ఆటగాళ్లకు ఇంత గిరాకీ ఉంటే మోసగాళ్లు ఊరుకుంటారా? 2005, 2006లలో అమెరికన్ పత్రికలు కొన్ని 'సర్టిఫికెట్ దుకాణాల'ను బయటపెట్టాయి. క్లాసులే జరగకుండా ఆటగాళ్లకు హైస్కూలు పట్టా చేతిలో పెట్టే బళ్లు. అలాంటి వాటి మార్కులు చెల్లవంటూ కాలేజీ క్రీడల పాలక సంఘం ఎన్‌సీఏఏ 2006లో జాబితా ప్రకటించింది. అయినా బుద్ధి రాలేదు. 2021 ఆగస్టులో ఈఎస్‌పీఎన్ చానల్ ప్రత్యక్ష ప్రసారం చేసిన ఓ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒహాయోకు చెందిన 'బిషప్ సికమోర్' అనే జట్టు 58-0తో చిత్తుగా ఓడింది. ఇంత ఘోరంగా ఆడే బడి ఏదబ్బా అని ఆరా తీస్తే, బడి అనదగ్గ భవనం కూడా కనిపించలేదు. జట్టు ఉంది. బడి లేదు!

ఆ రోజు దాన్ని ఓడించిన జట్టు ఫ్లోరిడాలోని బ్రేడెంటన్‌లో ఉన్న ఐఎంజీ అకాడమీ. ఓక్ హిల్ కొండ నుంచి చూస్తే అది వేరే గ్రహం. 1978లో నిక్ బొలెటియెరి టెన్నిస్ శిక్షణాలయంగా పుట్టి, ఇప్పుడు రకరకాల ఆటలకు బోర్డింగ్ స్కూలుగా మారింది. 2023లో ఓ పెట్టుబడి సంస్థ దాన్ని 125 కోట్ల డాలర్లకు కొంది. ఒక బడికి! పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లె నుంచి సత్నామ్ సింగ్ అనే ఏడడుగుల కుర్రాడు 2010లో స్కాలర్‌షిప్‌తో వెళ్లింది ఇక్కడికే. అప్పటికి అతని వయసు పద్నాలుగు. ఇంగ్లిష్ సరిగా రాదు. 2015లో డల్లాస్ మావెరిక్స్ జట్టు అతన్ని ఎంచుకున్నప్పుడు, భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపికైన తొలి ఆటగాడిగా పేరు దక్కింది. ఎన్‌బీఏ మ్యాచ్ ఆడే అవకాశం మాత్రం రాలేదు.

అదే ఫ్లోరిడాలో అపాప్కా సరస్సు ఒడ్డున మాంట్‌వర్డ్ అకాడమీ. న్యూజెర్సీలో పేరుమోసిన కెవిన్ బాయిల్‌ను 2011లో కోచ్‌గా తెచ్చుకున్నాక అక్కడ జాతీయ టైటిళ్ల వాన కురిసింది. అమెరికాకు ఈశాన్య మూలన మెయిన్ రాష్ట్రంలో, మూడు వేల మంది ఉండే న్యూపోర్ట్ అనే ఊళ్లో కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాడు తన కవల సోదరుడితో కలిసి తమ ప్రాంతపు ప్రభుత్వ బడికి 2022లో మొట్టమొదటి రాష్ట్ర టైటిల్ తెచ్చాడు. ఆ ఊరి సంబరం చల్లారక ముందే ఇద్దరూ మాంట్‌వర్డ్ చేరిపోయారు. 2023-24లో మాంట్‌వర్డ్ ముప్పై మూడుకు ముప్పై మూడూ గెలిచింది. 2025 ఎన్‌బీఏ డ్రాఫ్టులో కూపర్‌దే మొదటి పేరు. అతని నిర్ణయం తప్పని ఎవరనగలరు? న్యూపోర్ట్ జనానికి రెండో టైటిల్ ఆశ పోయిందన్నదీ అంతే నిజం.

ఇక అట్లాంటాలో 2021లో పుట్టిన ఓవర్‌టైమ్ ఎలీట్ అయితే ముసుగే తీసేసింది. పదహారేళ్ల పిల్లలకు ఏడాదికి కనీసం లక్ష డాలర్లు జీతం ఇస్తామని ప్రకటించి బరిలో దిగింది. అదే ఏడాది నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ అమ్ముకుని సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ కూడా ఒప్పుకుంది. ఆ గాలి హైస్కూళ్లకూ సోకింది. ఇప్పుడు కుర్రాడిని బడికి రప్పించాలంటే కొండ, ప్రశాంతత, స్టడీ అవర్ చాలవు. సముద్రపు ఒడ్డు కావాలి. కెమెరాలు కావాలి. డబ్బు కావాలి. ఒకప్పుడు దేశం నలుమూలల నుంచి మేటి కుర్రాళ్లను లాక్కొచ్చిన ఓక్ హిల్‌కు, ఇప్పుడు తన కంటే బలమైన లాగుడును తట్టుకోవాల్సిన రోజులొచ్చాయి. బ్రాంక్స్ బడి 1984లో పడ్డ బాధ ఎలాంటిదో కొండకు ఇప్పుడు తెలిసొస్తూ ఉండాలి.

ఇంతా చేసి, ఆ కొండను చూడాలనిపిస్తే అక్టోబరు మంచి నెల. ఆకులు ఎరుపు, పసుపు రంగుల్లోకి తిరిగి లోయంతా మండుతున్నట్టు ఉంటుంది. గుర్రాలను చూడాలంటే గ్రేసన్ హైలాండ్స్ పార్కులో కారు ఆపి కాస్త నడవాలి. దగ్గరికొచ్చినా వాటికి తిండి పెట్టకూడదు. సంగీతం మీద మోజుంటే ఆగస్టులో గాలాక్స్ వెళ్లాలి, పార్కులో రాత్రుళ్లు నిద్రపోకుండా ఫిడేళ్లు మోగుతుంటాయి. ఆట చూడాలంటే నవంబరు తర్వాత. అప్పుడు రోడ్ల మీద మంచు ఉంటుంది, జాగ్రత్తగా రావాలి. వచ్చే ముందు ఫోన్ చేసి కనుక్కోవడం ఇంకా మంచిది. ఎందుకంటే సీజనులో ఎక్కువ రోజులు గోల్డ్ జట్టు ఊళ్లో ఉండదు. బస్సెక్కి ఏదో నగరానికి వెళ్లి ఉంటుంది. రెడ్ జట్టు మాత్రం దొరుకుతుంది.